అరువిచ్చిన నాలుక

నాకు సంతకం వచ్చు. అంకెలు వచ్చు. డబ్బాల మీద హిందీలో రాసిన పేర్లు చూస్తే ఏది మైదాపిండో, ఏది మొక్కజొన్న పిండో పోల్చుకోగలను. అంతకు మించి చదువు లేదు. నేను చెబుతుంటే మా అన్న కూతురు సుజాత రాస్తోంది. అది పార్వతీపురంలో డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక రాయపూర్‌లో మేముండే గుఢియారీకే కాపురానికి వచ్చింది. మాటలు మొరటుగా ఉంటే ఆ తప్పు నాది, దానిది కాదు.

రాయపూర్‌లో పెద్ద సర్కారీ యూనివర్సిటీ ఒకటి ఉంది. అందులో హోటల్ మేనేజ్‌మెంట్ చెప్పే డిపార్ట్‌మెంటు ఉంది. ఆ డిపార్ట్‌మెంటు వంటగదిలో నేను అటెండెంటుగా చేశాను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో చేరి, మొన్నీమధ్య దిగిపోయాను. నా జాగాలోకి కమల అని ఒకామె వచ్చింది. ఆమెది విజయనగరం వైపు. పది రోజుల క్రితం ఇంటికి వచ్చి, "ఆ పని ఏటో కొంచెం చెప్పక్కా" అంది. గ్యాసు మీట ఎక్కడ, కత్తులు ఎక్కడ పెట్టాలి, నేల ఏ పూట కడగాలి, ఇవన్నీ రెండు నిమిషాల్లో చెప్పేశాను. చెప్పవలసిన అసలు సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అందుకని ఇలా రాయిస్తున్నాను. కమల కోసమూ, ఆ కోర్సులో చేరబోయే పిల్లల కోసమూ.

తెల్ల కోటు

ఈ చదువులో చేరిన పిల్లలు మొదటి రోజు ఇస్త్రీ చేసిన తెల్ల కోటు వేసుకొని, పొడుగు టోపీ పెట్టుకొని ఫొటోలు దిగుతారు. రెండో రోజు దేవాంగన్ సార్ వాళ్ళ ముందు ఉల్లిపాయల బస్తా విప్పిస్తాడు. మూడో రోజుకి ఇద్దరు ముగ్గురు రావడం మానేస్తారు.

దేవాంగన్ సార్ వంట నేర్పే మాస్టారు. నాకంటే చిన్నవాడే. నన్ను "అమ్మా" అనేవాడు, "మీరు" అనేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది గానీ, ఆ కోపం కూర మీద తప్ప మనిషి మీదికి వచ్చేది కాదు. నేను చూసిన పెద్ద సార్లలో అలాంటి మనిషి ఆయనొక్కడే. మిగతావాళ్ళు ఎవరైనా చూడడానికి వచ్చినప్పుడు మాత్రమే వంటగదిలోకి వచ్చేవారు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకొని.

ఒకసారి ఎవరి తండ్రో కిటికీలోంచి తొంగి చూసి నన్ను పిలిచాడు. ఆయన కొడుకు లోపల చేప పొలుసు గీస్తున్నాడు.

"ఇందులో మేనేజ్‌మెంటు ఎక్కడుంది?" అని అడిగాడు హిందీలో.

"అది మూడో ఏడు వస్తాదంట బాబూ. ముందు పొలుసు వస్తాది" అన్నాను.

ఆయనకి నవ్వు రాలేదు. నాకూ రాలేదు. కష్టపడి ఫీజు కట్టిన తండ్రికి పొలుసు కనబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ మాట నిజం. పదిమందికి వడ్డించే చోట ముందు వంగినవాడికే తరవాత నిలబడే హక్కు ఉంటుంది. పొలుసు గీయనని కూర్చున్న పిల్లలు ఆఫీసుల్లో కూర్చోవడం కూడా నేను చూశాను. వాళ్ళ కింద పనిచేసేవాళ్ళు వాళ్ళని లెక్కచేయరు.

కాగితం మీద నా పని మూడు ముక్కలు: గిన్నెలు, నేల, సరుకు అందించడం. కానీ మాస్టారి దగ్గర నోరు పెగలని పిల్లలు గిన్నెలు తోమే మనిషి దగ్గరికి వస్తారు. చెయ్యి కోసుకున్నా వస్తారు, ఇంటి మీద బెంగ పుట్టినా వస్తారు. కమలా, ఆ పనిలో కత్తి కంటే, మరిగే నూనె కంటే ఎక్కువ జాగ్రత్త పడవలసింది అక్కడే. నేను పడలేదు.

కుడితి

మా ఆయన రైల్వే గూడ్స్ షెడ్డులో మూటలు మోసేవాడు. కాంట్రాక్టు కూలీ. ఆయన పోయిన ఐదో నెలలో నాకు ఈ పని దొరికింది. పిల్లలు లేరు. నేనూ, మా అత్తా. పనిలోకి వెళ్ళే ముందు రోజు మా అత్త నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"ఏడాది తిరిగేదాకా నీసు ముట్టకు. ఆడు ఇంకా ఈ గడప కాడే తిరుగుతుంటాడు."

"అక్కడ మాంసం కడగాలంట. ముట్టకుండా ఎలగ?"

"సేత్తో ముట్టుకో. నోట్లో ఎట్టకు."

సరే అన్నాను.

చేరిన వారంలోనే ఒక సాయంత్రం పొయ్యి మీద పెద్ద గిన్నె చల్లారి ఉంది. మూత తీస్తే గోధుమ రంగు నీళ్ళు, అడుగున ఎముకలు, మెత్తబడిన కేరట్ ముక్కలు. ఎత్తి తూములో పోసేశాను. గిన్నె తళతళలాడేలా తోమి బోర్లించాను. మర్నాడు సార్ అడిగాడు, "ఇందులోది ఏది?"

"కుడితి కదా సార్. పారబోసినాను" అన్నాను. కుడితి అన్న మాట ఆయనకి తెలియదు. పశువులకి పెట్టేది అని చెప్పాను.

పిల్లలు గొల్లున నవ్వారు. ఒకమ్మాయి మాత్రం తల పట్టుకొని కూర్చుంది. ముందు రోజు పొద్దుటినుంచి ఎముకలు వేయించి, మరిగించి, పైన తేలిన తెట్టు తీసి వాళ్ళు చేసిన రసం అది. స్టాక్ అంటారు. ఇంగ్లీషు సాసులన్నిటికీ అదే పునాది.

సార్ కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తరవాత, "అమ్మా, ఇవాళ గిన్నెలు పిల్లలు తోముతారు. మీరు పొయ్యి దగ్గర కూర్చోండి" అన్నాడు. స్టూలు వేయించాడు. మళ్ళీ మొదటినుంచి రసం పెట్టించి, గంటకోసారి చెంచాతో తీసి నాకు ఇచ్చాడు. "ఇప్పుడేముంది చెప్పండి."

మొదటి చెంచా చేతిలో పట్టుకొని, స్టూలు మీంచి లేచి నిలబడిపోయాను. ఏడాది తిరగలేదు సార్, అనవచ్చు. అని ఉంటే ఆయన ఏమీ అనేవాడు కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. పని పోతుందని భయం. నోట్లో పోసుకున్నాను. మింగుతున్నప్పుడు మా ఆయన గుర్తొచ్చాడు. ఇంటికి వెళ్ళి అత్తకి చెప్పలేదు. ఆవిడ పోయేదాకా చెప్పలేదు.

ఎలా మింగినా, సాయంత్రానికి నా నాలుకకి రుచి తెలిసింది. పచ్చి వాసన ఎప్పుడు పోయింది, కేరట్ తీపి ఎప్పుడు దిగింది, ఇంకెంతసేపు మరగాలి, అన్నీ చెప్పగలిగాను. సార్ పిల్లల వైపు తిరిగి, "ఈ అమ్మ నాలుక చూసి నేర్చుకోండి" అన్నాడు. ఆ రోజునుంచి తెల్ల కోట్లవాళ్ళు నా దగ్గరికి చెంచా పట్టుకొని రావడం మొదలుపెట్టారు. నా మాట కోసం నలుగురు ఆగడం నా బతుకులో అదే మొదలు. అది అలవాటు అయిపోయింది. అలవాటు అని ఊరికే అంటున్నాను. మత్తు అది.

కంఠీ పిల్ల

చాలా ఏళ్ళ తరవాత హేమిన్ వచ్చింది. మహాసముంద్ దాటి లోపలికి వెళ్తే ఉండే పల్లె వాళ్ళది. కబీర్‌పంథీ కుటుంబం, అంటే కబీరుదాసు మార్గం పట్టినవాళ్ళు. మెడలో తులసిపూస కంఠీ. ఆ కంఠీ కట్టించుకున్నవాళ్ళు మాంసం, గుడ్డు నోట పెట్టరు. తండ్రి రెండు మాటలు చెప్పి పంపాడట: కంఠీ శుద్ధిగా ఉన్నంతవరకే చదువు, నీసు నోట పడిందని తెలిస్తే ఆ రోజే ఇంటికి.

అలాంటి పిల్ల ఈ చదువు ఎందుకు ఎంచుకుంది అంటే, అన్నం పెట్టడం దాని ఇంట్లో పూజ. చౌకా అని వాళ్ళ పూజ ఒకటుంది, ఆ రోజు ఊరంతటికీ వండుతారు. వాళ్ళింటి ఆచారం ఏమంటే, నివేదన అయ్యేదాకా ఆ వంట ఎవరూ రుచి చూడకూడదు. వందమందికి పప్పు వండినా చెంచా నోటికి తగలకూడదు. అది పదేళ్ళ వయసునుంచి తల్లి పక్కన నిలబడి అలా వండింది.

మొదటి నెలలో పప్పు వండించారు. మిగతా పిల్లలు పదిసార్లు రుచి చూసి పదిసార్లు ఉప్పు వేస్తున్నారు. ఇది ఆవిరి మీద ముఖం పెట్టి, గుప్పెటతో ఒక్కసారే ఉప్పు జల్లి వెనక్కి జరిగి నిలబడింది. సార్ తిన్నాడు. మళ్ళీ ఇంకో చెంచా తీసుకొని తిన్నాడు.

"రుచి చూశావా?"

"లేదు సార్."

"మరి ఉప్పు సరిపోయిందని ఎలా తెలిసింది?"

"సరిపోతే వాసన మారుతుంది సార్."

సార్ నా పక్కకి వచ్చి మెల్లిగా అన్నాడు, "అమ్మా, ఈ పిల్ల చేతిలో త్రాసు ఉంది." ఆ మాట నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్క లేదు.

ఆ పిల్లకి కోరిక ఒకటే ఉండేది. పెద్ద హోటల్లో వెయ్యిమందికి వంట జరుగుతుంటే, ఆ వంటకి తను జవాబు చెప్పేది కావాలి. "నేను ఊఁ అంటేనే గిన్నె పొయ్యి దిగాలి, దాయీ" అనేది. దాయీ అంటే వాళ్ళ ఛత్తీస్‌గఢీలో అమ్మ. మిగతా పిల్లలు నన్ను ఆంటీ అనేవారు. ఇదొక్కతే దాయీ అంది. అదీ నాకు మత్తులాగే ఎక్కింది.

మాంసం వండే క్లాసు వచ్చింది. కడగడానికీ కోయడానికీ అది వెనకాడలేదు. చేతితో ముట్టుకుంటాను, నోట్లో పెట్టను, అంది. మా అత్త మాటే. కానీ పప్పు వాసన తెలిసిన ముక్కుకి మాంసం వాసన తెలియదు. ఉడికిందో లేదో, ఉప్పు పట్టిందో లేదో అంతు చిక్కలేదు. సార్ అటు తిరిగినప్పుడు చెంచా పట్టుకొని నా తూము దగ్గరికి వచ్చింది.

"థోకిన్ చీఖ్ దే న దాయీ." కొంచెం రుచి చూసి పెట్టు అని.

నా మొదటి చెంచా గుర్తొచ్చింది. నేను మింగినట్టు ఈ పిల్ల మింగకూడదు అనుకున్నాను. చెంచా అందుకొని రుచి చూసి, "ఉప్పు తక్కువైంది" అన్నాను. ఆ రోజు చేసింది తప్పని ఇప్పటికీ అనను. ఆ తరవాత మూడేళ్ళు చేసిందే తప్పు.

ప్రతిసారీ నోటితో చెప్పడం కుదరదు కదా. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. రుచి చూసిన చెంచాలు తిరిగి గిన్నెలో ముంచకూడదని ఆ వంటగదిలో నియమం. పిల్లలు వాడిన చెంచాలు ఒక పళ్ళెంలో పడేస్తారు, నేను ఏరుకొని వెళ్ళి తోముతాను. హేమిన్ గ్రేవీ తీసిన చెంచా అలాగే నిండుగా నా పళ్ళెంలో పెట్టేది. నేను తూము వైపు తిరిగి నాలుకకి తగిలించి, తోముతున్న గిన్నె మీద గరిటెతో కొట్టేదాన్ని. ఒక దెబ్బ కొడితే ఉప్పు తక్కువ. రెండైతే ఇంకా ఉడకాలి. మూడైతే బాగుంది, దించేయ్. అంత రొదలో గిన్నె చప్పుడు ఎవరు పట్టించుకుంటారు? ఎవరూ పట్టించుకోలేదు.

రెండో ఏడు సగానికి వచ్చేసరికి అది పప్పు కూడా తేవడం మొదలుపెట్టింది.

"పప్పు నువ్వు తినొచ్చు కదే. ఇది కూడా నాకేటి?"

"నువ్వు చూస్తే నాకు ధైర్యం, దాయీ."

"రేపు నీ పెళ్ళిచూపులకి కూడా నన్నే ఎల్లమంటావా?"

"అబ్బాయి ఉప్పగా ఉంటే ఒక దెబ్బ కొట్టు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. పప్పు నోట్లో వేసుకున్నాను. ఉప్పు ఎక్కువైంది. ఆ చేతిలో ఉప్పు ఎక్కువవడం అదే మొదటిసారి. ఎక్కువకి మా దగ్గర గుర్తు కూడా లేదు, ఆ అవసరం ఎప్పుడూ రాలేదు కనక. నీళ్ళు పోయమని నోటితో చెప్పాను. ఎందుకు ఎక్కువైందో ఆలోచించలేదు.

సార్ చెప్పమన్న మాట

రెండో ఏడు చివర్లో సార్ నన్ను సరుకుల గదిలోకి పిలిచాడు.

"అమ్మా, ఆ కంఠీ పిల్ల మాంసం రుచి చూస్తోందా?"

నేను డబ్బాలు సర్దడం మొదలుపెట్టాను.

"తినకపోతే నేరం కాదు. నాతో చెప్పడానికి భయపడుతున్నట్టుంది. మీ మాట వింటుంది, మీరు చెప్పండి. ఒక కాగితం రాసి ఇస్తే పరీక్షలో కూరగాయల వంటలు పెట్టమని నేను పైవాళ్ళతో మాట్లాడతాను. మాంసం వండక తప్పని చోట రుచి చూడకుండా ఎలా వండాలో సాయంత్రాలు విడిగా నేర్పుతాను. తూకం ఉంది, రంగు ఉంది, వాసన ఉంది. దాని ముక్కు మామూలు ముక్కు కాదు. కానీ ఇప్పుడే మొదలుపెట్టాలి."

"తింటాది సార్. నేను చూసినాను" అన్నాను.

సార్ నా ముఖం వైపు చూశాడు. "మీరు చూశారంటే సరే" అన్నాడు. నా నాలుక మీద ఆయనకి అంత నమ్మకం. అదే నాలుకతో అబద్ధం చెప్పాను.

రాస్తున్న సుజాత ఇక్కడ కలం ఆపింది. "అత్తా, ఇది కూడా ఎట్టాలా?"

"ఎట్టు. ఇది ఎట్టకపోతే మిగతాదంతా దేనికి?"

ఎందుకు అన్నానో అప్పట్లో నాకు నేను చెప్పుకున్న కారణం ఒకటుంది. కాగితం రాస్తే ఆఫీసుకి వెళ్తుంది, ఆఫీసునుంచి తండ్రికి కబురు వెళ్తుంది, మాంసం వండిస్తున్నారని తెలిసి ఆయన పిల్లని తీసుకుపోతాడు. వినడానికి బాగానే ఉంది. కానీ అది కారణం కాదు. సాయంత్రాలు సార్ దగ్గర నేర్చుకుంటే ఆ పిల్ల నా తూము దగ్గరికి రాదు. చెంచా పట్టుకొని రాదు. దాయీ అనదు. ఇంటికి వెళ్తే నాతో మాట్లాడేవాళ్ళు లేరు, అత్త కూడా అప్పటికి పోయింది. ఆ పిల్లకి నేను కావాలి అన్నది నాకు కావలసి వచ్చింది. హేమిన్‌కి ఆ మాట చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. తరవాత చెప్పడానికి సిగ్గు వేసింది.

ఆఖరి పరీక్షకి బయటినుంచి ఒక పెద్ద చెఫ్ వచ్చాడు. హేమిన్‌కి మాంసం కూర పడింది. నాకు నోరు విప్పే వీలు లేదు, అటెండెంట్లు పిల్లలతో మాట్లాడకూడదు. పళ్ళెం పట్టుకొని తిరిగాను. మొదట ఒక దెబ్బ. కాసేపటికి రెండు. చివరికి మూడు. ఆ చెఫ్ కూర తిని, "ఈ అమ్మాయికి రుచి తెలుసు" అని రాశాడట. మార్కులు బోలెడు వచ్చాయి. పిల్ల వచ్చి అందరి ముందు నా కాళ్ళకి దండం పెట్టింది. దేవాంగన్ సార్ చప్పట్లు కొట్టాడు. ఆ రోజు నేను రొమ్ము విరుచుకొని తిరిగాను. అది చెప్పుకోవడానికే అన్నిటికంటే కష్టంగా ఉంది.

ఆ హోటల్లో

రాయపూర్‌లోనే ఒక పెద్ద హోటల్లో హేమిన్‌కి ఉద్యోగం వచ్చింది. మార్కుల కాగితం చూసి నేరుగా గ్రేవీల పొయ్యి దగ్గర పెట్టారు. రెండు నెలలు ఎలాగో నెట్టుకొచ్చింది. రుచి చూసి పెట్టమని పక్కవాడిని బతిమాలో, ఏదో పని ఉన్నట్టు పక్కకి తప్పుకునో. తరవాత ఒక పెళ్ళి విందు పడింది. పెద్ద గిన్నెలో మాంసం గ్రేవీ. అక్కడి చెఫ్ దూరంనుంచి అడిగాడు, "చూశావా? పంపనా?"

"చూశాను చెఫ్, పంపండి" అంది.

ఉప్పు రెండుసార్లు పడి ఉంది. పెళ్ళివాళ్ళు పళ్ళేలు పక్కన పెట్టేశారు. చెఫ్ పిలిచి, మిగిలిన గ్రేవీ చెంచాతో తీసి దాని చేతికిచ్చి, "ఇప్పుడు నా ముందు చూడు" అన్నాడు. అది చెంచా పట్టుకొని నిలబడింది. నేను నిలబడ్డట్టే. తేడా ఏమంటే, నేను మింగాను, అది మింగలేదు. కింద పెట్టేసి, కంఠీ చూపించింది.

ఆ చెఫ్ చెడ్డవాడు కాదు. "తిననని మొదటి రోజే చెప్పి ఉంటే కూరగాయల పొయ్యి ఇచ్చేవాణ్ణి. మా దగ్గర తిననివాళ్ళు ముగ్గురు పనిచేస్తున్నారు. కానీ చూడకుండా చూశానన్న మనిషిని వంటగదిలో ఉంచలేను" అన్నాడట.

ఇదంతా మర్నాడు హేమిన్ నా దగ్గరికి వచ్చి, తూము పక్కన గోడకి ఆనుకొని నిలబడి చెప్పింది. ఏడవలేదు. చివర ఒక మాట అంది.

"ఆయన పంపనా అని అడిగినప్పుడు నేను ఆగి విన్నాను, దాయీ. గిన్నె చప్పుడు కోసం."

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని నీళ్ళలో వదిలేశాను.

"వేరే దారి ఏమైనా ఉండేదా దాయీ, అసలు?" అని అడిగింది.

అప్పుడైనా చెప్పవచ్చు. సార్ అడిగాడే, నేను దాచానే, అనవచ్చు. "ఏమో తల్లీ" అన్నాను.

కూరగాయలు మాత్రమే వండే చోట చేరమని చెప్పాను. చూసింది. ఒక భోజనశాలలో నెల కూడా చేయలేదు. ఉప్పు పట్టుకుంటే ఎంత వేయాలో తెలియడం లేదు అంది. ఆ తరవాత రావడం మానేసింది. దేవాంగన్ సార్ వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆయనకీ నేను నిజం చెప్పలేదు.

కమలా, పిల్లలు చెంచా పట్టుకొని వస్తారు. తోలేయమని చెప్పను, నువ్వు తోలేయలేవు. రుచి చూడు, కానీ నీ మాట వెంటనే చెప్పకు. "నీకేమనిపిస్తోంది?" అని ముందు వాళ్ళని అడుగు. తప్పు చెప్పనీ. మాడనీ. ఒక గిన్నె మాడితే తోముకోవచ్చు, మన పనే అది. ఇక చదువుకొనే పిల్లలకి ఒకటే. మీకు రాని పని, మీరు చేయలేని పని ఏమైనా ఉంటే మాస్టారి ముఖం మీదే చెప్పండి. గిన్నెలు తోమేదాని చాటున దాక్కోకండి. అది ఎంత ప్రేమగల మనిషైనా సరే.

పండరీలో

పనిలోంచి దిగిపోయిన తరవాత నెలకి రాయపూర్‌లోనే పండరీ బట్టల బజారుకి వెళ్ళాను. అక్కడ ఒక చీరల దుకాణంలో హేమిన్ పనిచేస్తోందని దాని స్నేహితురాలి నోట విన్నాను. మధ్యాహ్నం వెళ్ళాను. నడుం కాస్త లావెక్కింది. కంఠీ అలాగే ఉంది. పెళ్ళయింది. విప్పిన చీరలు గుట్టగా పడి ఉంటే ఒక్కొక్కటీ మడత పెడుతోంది. నన్ను చూసి లేచి, "దాయీ, కూర్చో" అని తన స్టూలు జరిపింది.

కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. సార్ సరుకుల గదిలోకి పిలిచింది, అడిగింది, నేర్పుతానన్నది, నేను తింటుందని చెప్పింది, ఎందుకు చెప్పానో అదీ. నా హిందీ అంతంత మాత్రం. ఎక్కడైనా దానికి అర్థం కాలేదేమోనని రెండుసార్లు చెప్పాను. అది మడత ఆపలేదు. అంచుకి అంచు కలిపి, అరచేత్తో నొక్కి, పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంది. నాలుగు చీరలు అలా అయ్యాయి.

అప్పుడు లేచి గోడ మేకుకి తగిలించిన సంచిలోంచి టిఫిను డబ్బా తీసింది. "తిని వచ్చావా?" అంది. తినలేదన్నాను. డబ్బా మూతలో రెండు రొట్టెలు, వంకాయ కూర పెట్టి నాకిచ్చింది. తనూ ఎదురుగా కింద కూర్చుంది.

నేను ఒక ముద్ద తిన్నాను. అది నా ముఖం వైపు చూస్తోంది. మూడేళ్ళు ఎలా చూసేదో అలాగే. చేతిలో ముద్ద నోటికి వెళ్ళలేదు, నేను ఏమంటానో అని ఆగిపోయింది.

"పొద్దున వండినప్పుడు రుచి చూసినావా?" అని అడిగాను.

"లేదు."

"ఆవిరి చూసినావా?"

"అదంతా ఎప్పుడో పోయింది, దాయీ. ఆయన తిని చెబుతాడు. ఆయన ఊఁ అంటే సరిపోయినట్టు."

నా నోట్లో మాట ఉంది. ఎప్పటిలా చెప్పేయాలని నాలుక లేచింది. పళ్ళు బిగబట్టాను.

"నువ్వు తిను. తిని నువ్వు చెప్పు" అన్నాను.

అది కాసేపు కూర వైపు చూసింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. మెల్లిగా నమిలింది. ఎవరో పరీక్ష పెట్టినట్టు కళ్ళు మూసుకుంది.

"ఉప్పు తక్కువైంది" అంది.

"అవును."

ఇంకో ముద్ద తింది. డబ్బా మూత నా చేతిలోంచి తీసుకొని, మిగిలిన కూర నాకు వేసి, ఖాళీ డబ్బా సంచిలో పెట్టుకుంది. లోపలినుంచి సేఠ్ పిలిచాడు. లేచి కొంగు దులుపుకుంటూ, నా వైపు తిరగకుండా అంది.

"'నువ్వు చెప్పు' అని అప్పుడే అని ఉంటే సరిపోయేది కదా, దాయీ."

చీరల గుట్ట ఎత్తుకొని లోపలికి వెళ్ళింది. నేను ఆ ఉప్పు తక్కువైన కూర ఆఖరి ముక్క దాకా తిని, మూత కడిగి, చప్పుడు కాకుండా దాని స్టూలు మీద పెట్టి వచ్చేశాను.